పిట్టలను పిలిచిన గాజుల మెహబూబీ

ఎర్రగుంటపల్లిలో అరవై గడపలుంటే, అరవై గడపల్లోనూ మెహబూబీకి పీట వేసేవాళ్లు. ఆమె గాజులమ్ముకునే మనిషి. భుజాన దారాలకు గుచ్చిన గాజుల మలారం వేసుకుని, సంచిలో ఒక సబ్బు ముక్క పెట్టుకుని పొద్దున్నే బయల్దేరితే పెద్దమందడి చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్లు తిరిగి వచ్చేది. ఏ కోడలి చెయ్యి మెత్తనిదో, ఏ అత్త మణికట్టు దగ్గర గాజు పట్టేస్తుందో చూడకుండానే చెప్పేది. గాజులు ఎక్కించేటప్పుడు ఎంతటి గయ్యాళైనా చెయ్యి ఆమె చేతిలో పెట్టి కదలకుండా కూర్చోవాలి గదా! ఆ కాసేపట్లో మెహబూబీ ఏడూళ్ల సంగతులూ చెప్పేసేది.

ఆమె పుట్టిల్లు కల్వకుర్తి. తల్లి అక్కడి సంతలో గాజులమ్మేది. పదిహేనేళ్లప్పుడు బాబు మియాకిచ్చి నిఖా చేస్తే ఎర్రగుంటపల్లికి వచ్చింది. బాబు మియాకు ఒక బండి, జత ఎద్దులు ఉండేవి. ఇద్దరు కూతుళ్లను పెంచి అత్తారిళ్లకు పంపించారు. ఊరికి తూర్పున గుట్ట కింద ఉన్న ఎర్రదుబ్బ నేలను అందరూ తూర్పు చెలక అనేవాళ్లు. అందులో నాలుగెకరాలు కౌలుకు పట్టి ఆలుమగలు ఆముదం వేసేవాళ్లు. ఆ నేలలో ఆముదం తప్ప మరొకటి నమ్మకంగా పండేది కాదు.

మెహబూబీకి ఒక గుణముండేది. కొత్త సంగతి ఏదైనా కంటపడిందంటే దాన్ని కడుపులో దాచుకోలేదు. చెప్పేదాకా కాళ్లు నిలవవు. చెప్పేటప్పుడు చేతులు ఊగుతాయి, చేతుల నిండా ఉన్న గాజులు గలగలమంటాయి. బాబు మియా సరిగ్గా దానికి ఎదురు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పదిలో ఆరు ఎద్దులతోనే.

పంతొమ్మిది వందల నలభై మూడులో, వానాకాలం నడుమ, తూర్పు చెలక మీద దాసరి పురుగు పడింది. నడుం వంచి దండం పెడుతున్నట్టు నడుస్తుంది గనుక దానికా పేరు. నడక భక్తిగా ఉన్నా తిండి మాత్రం రాక్షసి తిండి. సోమవారం పచ్చగా గొడుగుల్లా ఉన్న ఆముదపు ఆకులు శుక్రవారానికి ఈనెలు మిగిలి అస్థిపంజరాల్లా నిలబడ్డాయి. చెలకలోకి వెళ్తే చిటచిటమని నమిలే చప్పుడు చెవికి వినబడేది. ఆడవాళ్లు చేటలు పట్టుకుని పురుగులు ఏరారు. మగవాళ్లు బూడిద చల్లారు. చేట నిండేలోపు చెట్టు అయిపోయేది. ఒక్క వారంలో నూట యాభై ఎకరాల ఆముదం మోడైపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకు మెహబూబీ సాయన్న కోడలికి గాజులు వెయ్యడానికి వెళ్లింది. సాయన్న ముసలి రైతు. ఇల్లు చెలక చివర, గుట్ట మొదట్లో ఉండేది. ఊళ్లో ఎవరితోనూ పొసగక అక్కడే గుడిసె వేసుకున్నాడు. కోడలి చేతికి నాలుగో గాజు ఎక్కిస్తూ మెహబూబీ తలెత్తి బయటికి చూసింది. చూసి, గాజును మణికట్టు మీదే ఆపేసింది.

సాయన్న మూడెకరాల ఆముదం పచ్చగా ఉంది.

"గిదేంది పెద్దయ్యా! మీ చేన్ల పురుగు పడలేదా?" అంది.

"ఎందుకు పడలే? పడ్డది. పిట్టలు తిన్నయి," అన్నాడు సాయన్న, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు.

మెహబూబీ కోడలి చేతికి మిగిలిన గాజులు గబగబా ఎక్కించి, మలారం తీసుకుని గట్టు మీదికి వెళ్లి కూర్చుంది. సాయన్న గట్ల మీద రెండు వేపలు, ఒక నల్లతుమ్మ, నాలుగు మోదుగలు ఉన్నాయి. చేను నడుమ ఎండిపోయిన రేగు కొమ్మలు అక్కడక్కడా పాతి ఉన్నాయి. ఒక కొమ్మ మీద చీలిన తోకతో నల్లటి పిట్ట కూర్చుంది. ఊళ్లో దాన్ని పసులపోలిగాడనేవాళ్లు. మెహబూబీ వాళ్లింట్లో కొత్వాల్ పిట్ట అనేవాళ్లు, కాకినైనా గద్దనైనా పోలీసులా తరిమికొడుతుందని. అది చటుక్కున కిందికి దిగింది, పురుగును ముక్కున పట్టింది, మళ్లీ కొమ్మ మీద వాలింది. ఇంకోపక్క వేపచెట్టు తొర్రలోంచి గోరింకల జంట వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా ముక్కున పురుగు. లోపల పిల్లలు కిచకిచమని అరుస్తున్నాయి.

ఎన్నిసార్లు వస్తాయో చూద్దామనిపించింది ఆమెకు. వేళ్లు చాలవని, గోరింక పురుగుతో వచ్చినప్పుడల్లా మలారం దారం మీద ఒక గాజును పక్కకు జరపడం మొదలుపెట్టింది. డజను గాజులు జరిగేసరికి వేప నీడ జానెడు కూడా కదల్లేదు. రెండో డజను అయింది. నాలుగో డజను అయింది. మధ్యాహ్నం దాటింది. సాయన్న కోడలు జొన్నరొట్టె తెచ్చిస్తే చూపు తిప్పకుండానే తినేసింది. పొద్దు వాలేసరికి మలారంలో ఉన్న గాజులన్నీ ఈ కొస నుంచి ఆ కొసకు జరిగిపోయాయి. అది ఒక్క జంట లెక్క. అట్లాంటి జంటలు ఆ గట్ల మీద ఎన్నో!

"పెద్దయ్యా, గీ చెట్లు నువ్వెందుకు కొట్టనియ్యలే?" అని అడిగింది.

"ఆ బొగ్గు గుత్తేదారు నన్ను 'ఓ ముసలోడా' అన్నడు. గట్లంటే ఎవడిస్తడు?" అన్నాడు సాయన్న.

సంగతేమిటంటే, యుద్ధం వచ్చి పెట్రోలు కరువైపోయింది. వనపర్తి నుంచి నడిచే బస్సులకు వెనక పెద్ద ఇనప పీపా బిగించి, అందులో బొగ్గు రగిల్చి, ఆ పొగతో నడిపేవాళ్లు. బస్సులకు బొగ్గు కావాలి. బొగ్గుకు చెట్లు కావాలి. ఒక గుత్తేదారు వచ్చి రెండేళ్లలో తూర్పు చెలక గట్ల మీద వేపలూ తుమ్మలూ మోదుగలూ అన్నీ కొట్టించి బట్టీల్లో కాల్పించాడు. ఆ బొగ్గును వనపర్తికి తోలిన బళ్లలో మొదటి బండి బాబు మియాదే.

మెహబూబీ ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, పరుగెత్తుకుంటూ వచ్చింది. బాబు మియా ఎద్దులకు దాణా కలుపుతున్నాడు.

"అజీ, ఇను! పురుగు ఎందుకొచ్చిందో నాకు తెల్సింది. పిట్టలు లేకనే! చెట్లు కొట్టినం, పిట్టలు పోయినయి. పిట్టలు పోతే పురుగుకు అడ్డెవరు? సాయన్న తాత చేను పోయి చూడు, పచ్చగున్నది! నేను గాజులు లెక్కపెట్టి చూసిన. మొత్తం మలారం జరిగింది అజీ, మొత్తం!"

"అంటే నేను బొగ్గు తోలినందుకే పురుగు పడ్డదంటవా?" అన్నాడు బాబు మియా.

"నువ్వొక్కనివేనా? మనమందరం."

బాబు మియా దాణా గంప అక్కడే వదిలేసి లోపలికి పోయాడు. మెహబూబీకి మనసు చివుక్కుమంది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేదు. మరునాడు పొద్దున్నే లేచి చూస్తే మొగుడు కనబడలేదు. బండి ఉంది, ఎద్దులు ఉన్నాయి. మధ్యాహ్నానికి వచ్చాడు. కాళ్లకు ఎర్రదుబ్బ అంటుకుని ఉంది.

"నువ్వు కొత్వాల్ పిట్టను లెక్కపెట్టలే," అన్నాడు. "అది గోరింక కంటే ఎక్కువ తింటది."

అంతే అన్నాడు. మెహబూబీకి ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆ రోజు నుంచి ఆమె ఏ ఇంట్లో పీట మీద కూర్చున్నా పిట్టల మాటే. చెయ్యి పట్టుకుని గాజు ఎక్కిస్తూ చెప్పేది. "మనం పిట్టలను పిలవాలె. గట్ల మీద చెట్లు పెట్టాలె. చెట్లు పెరిగేదాక కట్టెలు పాతాలె, కూసోనీకి. తొర్రలు లేవు గదా, కుండలు కట్టాలె, గూడు పెట్టనీకి. ఎండకాలం నీళ్లు పెట్టాలె." కొందరు నవ్వారు. "ఇండ్లు లేక మనమేడుస్తుంటే పిట్టలకు ఇండ్లు కడ్తవా మెహబూబక్కా!" అన్నారు. కానీ చేలు మోడైపోయినవాళ్ల నవ్వు ఎంతసేపుంటుంది? ఒక్కొక్కరే సాయన్న చేను చూసి వచ్చారు. ఎన్నడూ మనిషి కాలు పెట్టని తన గుడిసె ముందు రోజూ జనం చేరేసరికి సాయన్న ఉబ్బిపోయాడు. "నేను ముందే కనిపెట్టిన," అని చెప్పడం మొదలుపెట్టాడు. మెహబూబీ అడ్డం చెప్పలేదు.

అడ్డం వచ్చింది ఊరి పటేలు నర్సింహులు. తూర్పు చెలకలో పెద్ద చేను ఆయనదే. ఊరికి పడమట జొన్నచేలు కూడా ఆయనవే ఎక్కువ. ఆయన ఊ అనకుండా గట్ల మీద కట్టె పాతడానికి ఎవరూ సాహసించరు.

"నీకేమన్న పిచ్చి లేసిందా మెహబూబీ?" అన్నాడు. "గోరింకలను తోలుకొస్తే జొన్న కంకులు తినయా? పురుగుకు భయపడి దొంగను ఇంట్ల పెట్టుకున్నట్టయితది."

ఆ మాటలో తప్పు లేదని మెహబూబీకి కూడా తెలుసు. ఆ సంగతిని రెండు రోజులు మనసులో తిప్పి, పటేలు దగ్గరికి కాకుండా ఆయన భార్య యాదమ్మ దగ్గరికి వెళ్లింది. యుద్ధం రోజుల్లో రంగు గాజులు దొరకడం కష్టంగా ఉండేది. మెహబూబీ పెట్టె అడుగున దాచుకున్న నీలం గాజులు డజను తీసి యాదమ్మ చేతులకు ఎక్కిస్తూ అంది:

"అక్కా, తూర్పు చెలకల జొన్నే లేదు, ఉన్నదంత ఆముదమే. గోరింక ఆముదపు గింజ ముట్టదు. జొన్నచేలు పడమటున్నయి. వాటికి కంకి పట్టినప్పుడు ఎప్పటిలెక్కనే మంచె కట్టుకుని వడిసెల కొడ్తం. ఇప్పుడైతే కొడ్తలేమా? ఒక్క తూర్పు దిక్కే చేసి చూద్దం. ఒక్క ఏడాది. పురుగు మళ్లొస్తే పటేలు ఏమంటే అది."

యాదమ్మ చేతులు అటూ ఇటూ తిప్పి గాజులు చూసుకుంది. "మొన్న పురుగుకు నా కష్టం గూడ పోయింది గదనే. రేపు చెప్తనుండు," అంది.

మర్నాడు పటేలు కబురు పంపాడు. కట్టెలు పాతుకోమన్నాడు. కానీ పురుగు పడితే మాత్రం ఆ కట్టెలు పీకి పొయ్యిలో పెట్టే పని మెహబూబీదేనన్నాడు. మెహబూబీ ఆ రెండో మాట వినలేదు. మొదటి మాట వినగానే వీధిలోకి ఉరికింది.

నలభై నాలుగు వేసవిలో ఎర్రగుంటపల్లిలో జరిగిన పని చూసినవాళ్లు చాలా ఏళ్లు చెప్పుకున్నారు. గుట్ట మీద ఎండిన రేగు, తుమ్మ కొమ్మలు ఏరి, మనిషెత్తున పంగలు పంగలుగా నరికి, ఎకరానికి పది కర్రల చొప్పున కుప్పలు వేశారు. తొలకరికి ఆముదం విత్తగానే పాతడానికి. కొమ్మలు దింపడానికి బాబు మియా బండి కట్టాడు. రెండేళ్లు బొగ్గు మోసిన ఆ బండి నల్లగా ఉండేది. అందులో కూర్చున్న ఆడవాళ్ల చీరలన్నీ మసి. ఆ మసి చూసుకుని ఒకరికొకరు చూపించుకుని పడీపడీ నవ్వేవాళ్లు.

గూళ్ల పని మాత్రం అంత తేలిగ్గా సాగలేదు. కుమ్మరి దేవమ్మ ఉత్సాహంగా ముప్పై చిన్న కుండలు చేసి, పక్కన పిడికిలంత కన్నం పెట్టి కాల్చి ఇచ్చింది. నున్నగా, ఎర్రగా, ముచ్చటగా ఉన్నాయి. ఊరి చుట్టూ మిగిలిన చింతలకూ వేపలకూ తాళ్లతో వేలాడదీశారు. పది రోజులు గడిచినా ఒక్క పిట్ట లోపలికి తొంగిచూడలేదు. గాలికి కుండలు గంటల్లా ఊగుతున్నాయి. రెండు తెగి పడి పగిలాయి.

"నా కుండకు వంక పెడ్తవా?" అని దేవమ్మకు కోపం వచ్చింది.

"కుండ కాదు వదినా, ఊగుడు," అంది మెహబూబీ. "నువ్వు నేను ఊగే ఇంట్ల బిడ్డను కంటమా?"

ఊగకుండా ఎట్లా కట్టాలన్నది యోసేపు చెప్పాడు. యోసేపు తోలుపని చేసేవాడు. మోట బొక్కెనలూ చెప్పులూ కుట్టేవాడు. ఇద్దరు మనుషులు లాగినా తెగని తోలుపట్టెలు తెచ్చి, కుండను మెడ దగ్గరా అడుగునా కొమ్మకు చుట్టి బిగించి చూపించాడు. "తాడు గాలికి వదులైతది. తోలు ఎండితే ఇంక బిగుసుకుంటది," అన్నాడు. నున్నటి కుండలో పిల్లల కాళ్లు జారతాయని కల్లు గీసే హన్మంతు చెప్పాడు. ఈతచెట్లకు కట్టి కట్టి గరుకెక్కిన పాత కల్లుముంతలు తన దగ్గర గంపెడు పడి ఉన్నాయన్నాడు. దేవమ్మ కోపం మరిచిపోయి ఆ ముంతలకు ఉలితో మెల్లగా కన్నాలు కొట్టి ఇచ్చింది. ఏడు పగిలాయి, నలభై నిలిచాయి.

ఆ ముంతలు చెట్లకు బిగించిన మూడో రోజు పొద్దున మెహబూబీ వాకిలి ఊడుస్తుంటే యాదమ్మ పైట జారిపోతున్నా చూసుకోకుండా ఉరికొచ్చింది.

"మెహబూబీ! పో, పో, చింత దగ్గరికి పో! గడ్డిపోస ముక్కున పట్టుకొని గోరింక లోపలికి పోయింది! నా కండ్లతో చూసిన!"

చీపురు చేతిలో పట్టుకునే ఉరికింది మెహబూబీ. చింత కింద అప్పటికే ఇరవై మంది చేరారు. ఎవరూ మాట్లాడటం లేదు. గోరింక బయటికొచ్చింది, అందరినీ ఒకసారి పసుపు అంచు కళ్లతో చూసింది, ఎగిరిపోయి మరో పోచ తెచ్చింది. అది లోపలికి దూరగానే ఇరవై మందీ ఒక్కసారి కేకపెట్టారు. ఆ కేకకు గోరింక బెదిరి పారిపోయింది. "అరవకుండ్రి! అరవకుండ్రి!" అని అందరికంటే గట్టిగా అరిచింది మెహబూబీ. అదృష్టం బాగుండి సాయంత్రానికి అది తిరిగొచ్చింది.

వేసవి ముదిరాక గుత్తేదారు మళ్లీ వచ్చి ఊరిని చావడిలో కూర్చోబెట్టాడు. సాయన్న గట్టు మీది చెట్లూ, వాగు వెంట మిగిలిన తుమ్మలూ ఇచ్చేయమన్నాడు. బస్సులు ఆగిపోతాయి, ఆగితే దవాఖానకు పోయే రోగులు ఎట్లా పోతారన్నాడు. ఆ మాటకు కొందరు మెత్తబడ్డారు. సాయన్న ఈసారి కూడా ససేమిరా అన్నాడు గానీ వాగు వెంట చెట్లు పదిమందివి. ఎవరో ఒకరు ఇచ్చేట్టే ఉన్నారు. మెహబూబీకి నోట మాట రాలేదు. ఆమె జీవితంలో అట్లా జరగడం చాలా అరుదు.

అప్పుడు బాబు మియా లేచాడు. చావడిలో ఆయన లేచి మాట్లాడటం ఊరు ఎప్పుడూ చూడలేదు.

"నేను రెండేండ్లు బొగ్గు తోలిన. బస్సు డ్రైవర్లు నన్ను ఏమని తిట్టేటోళ్లో నాకు తెల్సు," అన్నాడు గుత్తేదారుతో. "మొద్దు బొగ్గు పెద్ద పెద్ద గడ్డలు. పీపాలో పట్టదు. సుత్తి పెట్టి కొట్టుకుంటే సగం పొడి అయితది. కొమ్మ బొగ్గయితే గట్లనే పోసుకుంటరు. మొదలు ఎందుకు నీకు? ముంజేతంత లావు కొమ్మలు కొట్టుకో. చెట్టుకు సగం ఇడిసిపెట్టు. రెండేండ్లకు మళ్లా కొమ్మలొస్తయి, మళ్లా కొట్టుకో. మొద్దు కొడ్తే నీకు ఒక్కసారే. అదిగాక, మొద్దయితే నా బండి రాదు."

"నీ బండి గాకుంటె ఇంకో బండి," అన్నాడు గుత్తేదారు.

ఊళ్లో బళ్లు తోలేవాళ్లు మరో నలుగురున్నారు. గుత్తేదారు వాళ్లకేసి చూశాడు. వాళ్లు బాబు మియాకేసి చూశారు. నలుగురిలో ముగ్గురికి తూర్పు చెలకలో ఆముదం ఉంది. ఒకడు గొంతు సవరించుకుని "మొద్దయితే మావి గూడ రావు," అన్నాడు.

గుత్తేదారు చాలాసేపు బీడీ తాగాడు. చివరికి కొమ్మలకే ఒప్పుకున్నాడు. గుడ్లున్న కొమ్మ ముట్టకూడదని మెహబూబీ వెనక నుంచి అరిచింది. దానికీ ఒప్పుకున్నాడు, విసుక్కుంటూ.

ఇంటికి వచ్చేదారిలో మెహబూబీ మొగుణ్ని చూసి చూసి, "గింత ముచ్చట నీ కడుపుల ఎక్కడ దాచినవ్ అజీ?" అంది. బాబు మియా నవ్వాడు. ఆ రోజుకు ఆయన మాటలు అయిపోయాయి.

తొలకరి పడింది. ఆముదం మొలిచింది. చెలక నిండా పంగల కర్రలు నిలబడ్డాయి. గట్ల మీద వేప గింజలు, కానుగ గింజలు నాటారు. పిట్టల కోసం పెట్టిన రాతి తొట్లలో నీళ్లు వంతులవారీగా ఎవరో ఒకరు పోస్తూనే ఉన్నారు. ఎర్రదుబ్బ మీద పచ్చటి గొడుగులు విచ్చుకున్నాయి. అప్పుడు, వానలు కాస్త తెరిపిచ్చిన ఒక బుధవారం, ఆకు అడుగున వెంట్రుకంత సన్నటి పురుగులు కనబడ్డాయి.

ఊరంతా చెలకకు వచ్చింది. గట్ల మీద కూర్చుని ఆకాశంకేసి చూశారు. ఆ రోజు పిట్టలు పెద్దగా రాలేదు. రెండు మూడు కొత్వాల్ పిట్టలు కర్రల మీద వాలి, తోకలాడించి వెళ్లిపోయాయి. గురువారం పురుగులు కందిగింజంత అయ్యాయి. పిట్టలు ఇంకా పదీ ఇరవైకి మించలేదు. పటేలు నర్సింహులు గట్టు మీద నిలబడి మెహబూబీని చూసి, పక్కనున్న పంగ కర్రను చేత్తో ఊపి చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

శుక్రవారం పొద్దున ఆమె చెలకకు చేరేసరికి సాయన్న గట్టు మీద గంతులు వేస్తున్నాడు. డెబ్బయ్యేళ్ల మనిషి నిజంగానే గంతులు వేస్తున్నాడు.

"చూడవే! చూడు! కర్రకొకటి! కర్రకొకటి!"

నిజమే. కనుచూపు మేర ప్రతి పంగ మీదా ఒక నల్లటి తోక. కొన్నిటి మీద రెండు. పురుగు కంటికి ఆనేంత లావెక్కేదాకా ఆగినట్టున్నాయి పిట్టలు. ఇప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి దిగుతున్నాయి. ఊరి నుంచి గోరింకలు జంటలు జంటలుగా, నలభై ముంతల్లో పెరిగిన పిల్లల్ని వెంటేసుకుని వచ్చాయి. పాలపిట్టలు నీలి రెక్కలు మెరిపిస్తూ కర్రల మీద నుంచి రాళ్లలా రాలి పైకి లేస్తున్నాయి. చెరువు దిక్కు నుంచి తెల్లకొంగలు ఎనిమిది వచ్చి, కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ, వరసల మధ్య నడిచాయి. చెలకంతా అరుపులు, రెక్కల చప్పుడు. ఆ గోలలో నమిలే చప్పుడు ఎక్కడా వినబడలేదు.

మెహబూబీ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. "తినుండ్రి! తినుండ్రి బిడ్డా!" అంటూ గట్టు వెంట ఉరుకుతోంది. దేవమ్మ తన ముంతలో పెరిగిన గోరింకను గుర్తుపట్టానని ఒట్టేసి చెబుతోంది. యోసేపు రెండు చేతులూ తల మీద పెట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. పటేలు నర్సింహులు తన చేను దగ్గర నేల మీద చతికిలబడి, ఒక కొంగ ఎన్ని పురుగులు మింగుతుందో పైకే లెక్కపెడుతున్నాడు. పక్కన యాదమ్మ లెక్క తప్పిస్తోంది.

పురుగు పూర్తిగా పోలేదు. ఆ మాట కూడా చెప్పాలి. కర్రలు పలచగా పాతిన గుట్ట మూల పదెకరాలు తిన్నది. మిగతా చేలల్లోనూ నాలుగు ఆకుల్లో ఒకటి పోయింది. కానీ మూడు ఆకులు మిగిలాయి. చలికాలం మొదలయ్యేసరికి తూర్పు చెలకలో ఆముదపు గెలలు ముళ్ల కాయలతో బరువెక్కి వంగిపోయాయి. అదే ఏడు వాగు అవతల పక్క ఊరివాళ్ల చేలు మోడులయ్యాయి. గోరింకలు పటేలు జొన్నచేను మీద కూడా పడ్డాయి. ఆయన మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతూ మెహబూబీని పేరు పెట్టి తిట్టాడు. ఆమె వీధిలోంచి విని నవ్వుకుంది.

మరుసటి వేసవిలో వాగు అవతలి ఊరి నుంచి ఆరుగురు ఆడవాళ్లు ఎర్రగుంటపల్లికి వచ్చారు. పిట్టల గాజులామె ఇల్లేదని అడిగారు. మెహబూబీ వాళ్లను కూర్చోబెట్టకుండానే వాళ్ల ఊరికి బయల్దేరదీసింది. కుండ ఎట్లా కట్టాలి, తోలు ఎట్లా బిగించాలి, గోరింక గూట్లోకి దూరేటప్పుడు ఎందుకు అరవకూడదు, అన్నీ నడుస్తూనే చెప్పింది. బాబు మియా బండిలో పంగల కర్రలు వేసుకుని వెనక వచ్చాడు. ఊరి బయట ఒక చేను గట్టు మీద, వేప కింద పటేలు నర్సింహులు ఎదురయ్యాడు. ఆయన చేతిలో ఒక కల్లుముంత ఉంది.

"మెహబూబీ, గిది మా కొత్త చేను గట్టు మీది గీ వేపకు కట్టాలె. కన్నం ఏ దిక్కు పెట్టాలె?"

"పొద్దు పొడిచే దిక్కు, పటేలా."

"ఎవరన్న చెట్టెక్కి కట్టాలె గద. యోసేపు ఏడి?"

"యోసేపు వీళ్లూరికి మాతో వస్తుండు. నువ్వే ఎక్కు," అంది మెహబూబీ. ఆరుగురు ఆడవాళ్లూ నోళ్లు నొక్కుకున్నారు. పటేలు ఒకసారి చెట్టునూ, ఒకసారి తన పంచెనూ చూసుకున్నాడు. తర్వాత కండువా తలకు చుట్టి, పంచె గోచీ పెట్టి, చెప్పులు విడిచి మొదటి కొమ్మ పట్టుకున్నాడు. మెహబూబీ కింద నిలబడి, గాజుల చేతులు ఊపుతూ, ఇంకా పైకి, ఇంకా కుడిపక్కకు, గట్టిగ బిగించు పటేలా, ఊగుతుంది, ఊగుతుంది, అని కేకలు వేస్తూనే ఉంది.